చింతపిక్కల బొంత

ఈ కబురు మొదట నాకు తెచ్చింది మా తోటికోడలు. నందిగామ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషి. పండగకో పబ్బానికో తప్ప ఊరు కదలదు. అలాంటిది మొన్న ఆదివారం బస్సు దిగి, జగ్గయ్యపేటలో మా గుమ్మం ముందు నిలబడి, చెప్పులైనా విడవకుండా, "అక్కా, మామ కుట్టిన బొంత ఇంకా ఉందే!" అంది.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయన మాట ఎత్తితే మాకు ముందు నవ్వొస్తుంది, ఆ తరవాత కళ్లు తడుస్తాయి. ఆ వరస ఎప్పుడూ మారలేదు. "ఏ బొంతే?" అన్నాను, తెలిసే.

"ఏ బొంతంటావేంది? ఎన్ని కుట్టాడేంది ఆయన? ఒక్కటేగా! అదీ సణుక్కుంటా కుట్టాడు. ఈ ఏడు ఒకటో తరగతిలో ఓ పిల్ల చేరింది. అచ్చం మన పిల్లే అనుకో. కూచోదు, పిలిస్తే పలకదు, గంట కొడితే చెవులు మూసుకుంటది. నిన్న అన్నానికి పిలుద్దామని పోతే దాని ఒళ్లో ఉంది. పైగుడ్డ మార్చార్లే. నేను నొక్కి చూశా. లోపల సరుకు అదే."

"మరి పిల్ల కూచుందా?"

"కూచుంది. నా పప్పు కూడా తిన్నది. అంతకంటే ఏం కావాల?"

లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చాను. టీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయి, పొయ్యి దగ్గర నిలబడే అల్లాకు షుకర్ చెప్పుకున్నాను. ఆ 'మన పిల్ల', మా రెండో అమ్మాయి, పక్క గదిలో దిండు మూతులు కుడుతోంది. ఇప్పుడు పెద్దదైంది. ఒక మూతి మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా ఎవరినీ చూడదు. పిన్ని చెప్పిందంతా విన్నట్టే ఉంది. దారం కొరికి, "చింతపిక్కలు" అంది. అని ఇంకో దిండు తీసుకుంది. తన మాటలు ఎప్పుడూ అంతే, కొంచెమే ఉంటాయి, కానీ సరిగ్గా ఉండాల్సిన చోట ఉంటాయి.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజు చదివేది అరబ్బీ, బతికేది దూది. నందిగామలో మామకు పరుపుల కొట్టు ఉండేది. దూది ఏకే మిషను వచ్చాక కూడా ఆయన పాత విల్లును గోడకు తగిలించి ఉంచాడు. రోజూ పొద్దున దాని దుమ్ము దులిపి, 'బిస్మిల్లా' అనుకుని అప్పుడు మిషను స్విచ్చి వేసేవాడు. వేదాద్రి తిరునాళ్లకు దిండ్లు వేసుకుని వెళ్లేవాడు. స్వామి దర్శనానికొచ్చి అలిసిపోయిన వాళ్లకు మంచి దిండు చేతిలో పెట్టడం కూడా పుణ్యమేనని ఆయన లెక్క. పరుపు విషయంలో ఆయనది ఒకటే మతం: మెత్తన. దూదిలో ఒక్క గింజ మిగిలితే అది పడుకునేవాడికి తెలియకపోవచ్చు గానీ పైవాడికి తెలుస్తుందనేవాడు. ఎవరైనా వచ్చి, "ఈసారి పరుపు కాస్త బరువుగా ఉంది సాయిబూ" అన్నారంటే ఆయనకు అన్నం సయించేది కాదు. కుట్లన్నీ విప్పి, దూదంతా తీసి, మళ్లీ ఏకి పంపించేవాడు. ఆ మాట మా ఇంట్లో తిట్టుతో సమానం. పెళ్లయిన కొత్తలో నేను బిర్యానీ తిని "అబ్బ, పొట్ట బరువుగా ఉంది" అన్నానని మా అత్త గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన వింటాడే" అని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. నేను బడి మొహం చూడలేదు. జగ్గయ్యపేటలో మా పుట్టింట్లో, మా మేనత్త చేటలో బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని పొద్దున అరబ్బీ అక్షరాలూ సాయంత్రం తెలుగు అక్షరాలూ దిద్దించింది. నాకు ఏ రెండు ముక్కలు వచ్చినా అవి ఆమె పెట్టిన భిక్షే. రోజూ దువాలో ఆమె పేరు తలవకుండా లేవను. అయితే మా పెరటి గోడ అవతలే బడి ఉండేది. ఎక్కాలు వప్పజెప్పేటప్పుడు ఎవరో తప్పు చెప్పేవారు, గదంతా గొల్లుమని నవ్వేది. ఇవతల నేను కూడా నవ్వి, పక్కకు చూసేదాన్ని. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. ఇంటి చదువు ఎంత తియ్యనిదో నాకు తెలుసు. అందులో ఏం ఉండదో కూడా తెలుసు.

మా రెండో పిల్ల నడక వేళకే వచ్చింది, మాట రాలేదు. పిలిస్తే చూసేది కాదు. చేతులు ఎప్పుడూ గాలిలో పక్షి రెక్కల్లా కొట్టుకుంటూ ఉండేవి. మిక్సీ వేస్తే ఏడుపు, దూది మిషను వేస్తే పరుగు. మామ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాడు. ఆయనే విజయవాడ డాక్టరు దగ్గరకు బస్సులో తీసుకెళ్లాడు. రెంటికీ పేచీ లేదు ఆయనకు. డాక్టరు ఆటిజం అన్నాడు. మందుతో పోయేది కాదు, నేర్పితే నేర్చుకుంటుంది, బడికి పంపండి అన్నాడు. ఇంటికొచ్చాక మామ ఆ పేరును రెండు మూడుసార్లు నోట్లో తిప్పి చూసి, "పేరేదైతే ఏంలే అమ్మాయ్, పిల్ల మనదేగా" అన్నాడు. అంతే. ఇంక ఆ పేరు ఎత్తలేదు.

పిల్లకు ఒక అలవాటుండేది. కొట్టులో కుట్టి పేర్చిన పరుపుల మధ్యకు దూరిపోయేది. దొంతరలో కింది రెంటి నడుమ మెడ వరకూ దూరి, తల బయట పెట్టుకుని పడుకునేది. ఊపిరాడదేమోనని భయపడేవాళ్లం. ఎవరో ఒకరం కాళ్లు పట్టి బయటకు లాగేవాళ్లం. లాగిన వెంటనే ఏడుపు. లాగిన ప్రతిసారీ అదే తంతు.

బళ్లో వేశాం. బెంచీ మీద కూర్చోబెడితే కూర్చునేది కాదు. లేచి గది చుట్టూ తిరిగేది, గోడలు తడిమేది, వాకిట్లోకి పరుగెత్తేది. రోడ్డు మీద లారీలు పోతుంటాయి. టీచరు పాఠం ఆపి వెనకే పరుగెత్తాలి. హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు, అది ముందే చెప్తున్నాను. ఒకరోజు నన్నూ మామనూ పిలిపించి కుర్చీలు వేయించారు. "అమ్మా, నేను పంపించెయ్యట్లేదు. కానీ రేపు ఆ పిల్ల రోడ్డెక్కితే జవాబు చెప్పాల్సింది నేను. దసరా సెలవుల దాకా చూద్దాం. అప్పటికీ కుదురుకోకపోతే ఇంటి దగ్గరే చదివిద్దాం. వారానికోసారి టీచరు మీ ఇంటికే వస్తారు. పేరు మా బళ్లోనే ఉంటుంది" అన్నారు.

ఇంకొకరైతే సంతోషించేవారేమో. నాకు మాత్రం మా పెరటి గోడ కళ్ల ముందుకొచ్చింది. ఆ గోడకు ఇవతల నా కూతురు కూడా ఒక్కతే నవ్వుకుంటుందా అనిపించింది.  దారిలో మామే అన్నాడు: "బెంచీ చూశావుగా అమ్మాయ్? చెక్క. ఎముకలు గుచ్చుకుంటాయి. పూల్లాంటి పిల్ల, ఎట్టా కూచుంటది? నేను చూసుకుంటాలే."

పరుపులు కుట్టే ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఈ పొరపాటు జరగదు. ఆయన మంచి బూరుగు దూది తెప్పించి, చేత్తో ఏరి, గోడ మీది విల్లు దించి స్వయంగా ఏకి, బెంచీకి సరిపడా చిన్న పరుపు కుట్టాడు. ఊదితే ఎగిరేటట్టుంది. పిల్ల దాని మీద కూర్చున్నట్టే కూర్చుని, కింద నేల కుంగిపోయినట్టు కెవ్వుమని లేచింది. మెత్తన చాల్లేదని ఆయన ఇంకా మెత్తంది కుట్టాడు. ఆ పిల్ల దాన్ని కిటికీలోంచి విసిరేసింది. మళ్లీ కుట్టాడు. చివరికి ఆ పరుపులన్నీ క్లాసు టీచరు కుర్చీ మీదకు చేరాయి. ఆమె చిన్న మనిషి. వాటి మీద ఎక్కి కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. "మా టీచరు సింహాసనమెక్కింది తాతా" అని పిల్లలు వచ్చి చెప్పారు. మామ నవ్వలేదు. తన మెత్తన ఓడిపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. దసరా దగ్గరకొస్తోంది.

అప్పుడొచ్చింది ఆ టీచరమ్మ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో బడి బడికీ తిరిగే టీచరు. స్కూటీ, భుజాన పెద్ద సంచి. అందులో పూసలు, రబ్బరు బంతులు, బట్టల క్లిప్పులు. బళ్లో పిల్లను చూసి, ఇంట్లో ఎలా ఉంటుందో కూడా చూస్తానని ఆ సాయంత్రం కొట్టుకు వచ్చింది. సరిగ్గా అదే వేళకు పిల్ల పరుపుల మధ్యకు దూరి ఉంది. మామ కాళ్లు పట్టి లాగబోతున్నాడు.

"తాతగారూ, ఆగండాగండి" అంది ఆమె. "తల బయటే ఉందిగా? మనం పక్కనే ఉన్నాంగా? ఒక్క నిమిషం ఊరికే చూద్దాం." వంగి పిల్ల మొహం చూసి, మమ్మల్ని పిలిచింది. "చేతులు చూశారా?"

చూశాం. ఏళ్ల తరబడి గాలిలో కొట్టుకుంటున్న ఆ చేతులు, పరుపు అంచు మీద, పని అయిపోయిన చేతుల్లా పడి ఉన్నాయి. ఎన్నిసార్లు లాగామో కానీ, లాగేముందు ఆ చేతులు మేం చూడనే లేదు.

"ఈ పిల్లకు మెత్తన కాదు తాతగారూ, బరువు కావాలి. ఒంటి మీద కాస్త బరువు ఆనితే కొందరు పిల్లలు కుదురుకుంటారు. అందరూ కాదు, కొందరు. ఇట్లా పరుపుల కింద మాత్రం ఒంటరిగా వదలొద్దు, ప్రమాదం. ఒళ్లో పెట్టుకునే బొంత ఒకటి బరువుగా కుట్టండి. తనకు వద్దనిపిస్తే తనే తీసి పక్కన పెట్టేంత ఉండాలి. మొహం మీదకు ఎప్పుడూ రానివ్వొద్దు. కుట్టగలరా?"

ఆ కొట్టులో ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మామ టోపీ సర్దుకున్నాడు. "బరువుగానా? నా చేత్తోనా?" అన్నాడు. "అమ్మా, నీకు తెలవదు. మా నాన్న ఈ కొట్టులో ఒకణ్ణి పనిలోంచి తీసేశాడు, బరువుగా కుట్టాడని." అటునుంచి అటే అసర్ నమాజుకు వెళ్లిపోయాడు. టీచరమ్మ నా వైపు చూసింది. "కోపమొచ్చిందా?" అని మెల్లగా అడిగింది. "కోపం కాదండి. ఆయన్ని నమాజు తప్పమన్నట్టుగా ఉంది" అన్నాను.

మర్నాడు తెల్లవారి నమాజయ్యాక చూస్తే, మామ జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి గింజలు తెచ్చి ముందేసుకుని కూర్చున్నాడు. జన్మంతా ఏరి పారేసిన గింజలు. గుడ్డ పరిచి, దూది పొర వేసి, గింజలు చల్లుతున్నాడు. చల్లుతున్నాడా, ఆ చెయ్యే మళ్లీ వెనక్కి వెళ్లి ఒక్కో గింజా ఏరి పక్కన పడేస్తోంది. ఆయన చూసుకుని తిట్టుకుని మళ్లీ చల్లుతాడు, చెయ్యి మళ్లీ ఏరుతుంది. నేను గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాను. "నవ్వకమ్మాయ్. చెయ్యి వినట్లా" అన్నాడు. ఆఖరికి నన్ను కూర్చోబెట్టి, "నువ్వు చల్లు, నేను అటు తిరిగి కూచుంటా" అని నిజంగానే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ మొదటి బొంత పని చేసింది, కాకపోతే ముందు ఎలుకలకు. బళ్లో వదిలి వస్తే పొద్దుటికి సగం తినేశాయి. గింజల్లో నూనె ఉంటుందని దూదేకులవాడికి గుర్తు లేకపోవడమేమిటని మా అత్త రోజంతా ఎత్తిపొడిచింది. అప్పుడు మా తోటికోడలు అంది: "మామా, చింతపిక్కలు పోసి కుట్టు. రాళ్లలాగుంటాయి, ఎలక పళ్లూడి పోవాల. బడి పులుసులోకి చింతపండు పిసుకుతా గదా, నేను తెస్తా." ఆమె ఒక్కతే తెస్తే ఎప్పటికయ్యేనో! టీచరమ్మ ఆ మాట తరగతిలో చెప్పింది. మర్నాటి నుంచి పిల్లలు జేబుల్లో, పలకల సంచుల్లో, పరికిణీ మడతల్లో చింతపిక్కలు తేవడం మొదలుపెట్టారు. వామనగుంటలు ఆడుకునే పిక్కలు కూడా ఒక పిల్ల తెచ్చి ఇచ్చేసింది. హెడ్మాస్టరు గారు సొరుగులోంచి పొట్లం తీసి, "మా ఇంట్లోవి. కడిగే ఉన్నాయి" అని ఇంకేదో పని ఉన్నట్టు తల దించుకున్నారు.

ఎండలో ఆరబెట్టి, మామ రెండోసారి కుట్టాడు. ఈసారి గోడ వైపు తిరగలేదు. పిక్కలన్నీ ఒక మూలకు జారకుండా గళ్లు గళ్లుగా దబ్బనంతో కుట్టాడు. కదిలినప్పుడు గలగలమంటే పిల్ల చెవులు మూసుకుంటుందని, పైనా కిందా మెత్తటి దూది పొర వేశాడు. ఆయన మెత్తన అలా చప్పుడును ఆపడానికి పనికొచ్చింది. కొట్టుకొచ్చిన ఒకాయన దాన్ని ఎత్తి చూసి, "ఏంది సాయిబూ, పరుపుల్లో రాళ్లు పోస్తున్నావా?" అన్నాడు. మామ దబ్బనం ఆపలేదు. "ఇది నా మనవరాలిది. ఆ పిల్లకి ఇట్టాగే కావాల" అన్నాడు. తను నమ్మిన మెత్తనను ఒక పిల్ల కోసం పక్కన పెట్టి, ఆ మాట అంత మామూలుగా అన్నాడు.

ఆ బొంతను బడికి తీసుకెళ్లిన పొద్దు నేను వరండాలో నిలబడ్డాను. క్లాసు టీచరు హాజరు పిలుస్తోంది. పిల్ల బెంచీ మీద కూర్చుంది. టీచరమ్మ బొంతను ఒళ్లో పరిచి, రెండు అరచేతులతో మెల్లగా అదిమింది. పిల్ల లేవబోయింది. రెండు చేతులూ బొంత మీద ఆనాయి. వేళ్లు ఒక గడిలోని పిక్కల్ని వెతుక్కున్నాయి. లేవలేదు. తన పేరు పిలిచినప్పుడు పలకలేదు గానీ బొంతను ఒకసారి తట్టింది. పక్కనున్న పిల్ల, "వచ్చింది టీచర్, ఇదిగో తడుతోంది" అంది. ఆ 'పక్కనున్న పిల్ల' అన్న మాట రాసేటప్పుడు ఇప్పటికీ నా కలం ఒక క్షణం ఆగుతుంది.

అన్నీ కథలో లాగా అయిపోలేదు. కొన్నాళ్లు హాజరు దాకానే కూర్చునేది. కొన్నాళ్లు బొంతనే విసిరికొట్టేది. గంట అంటే భయం పోలేదు. దానికి మా తోటికోడలు ఒక దారి కనిపెట్టింది. గంట కొట్టబోయే ముందు గరిటె పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడేది. ఆ గరిటె కనపడితే పిల్ల తనే చెవులు మూసుకుని సిద్ధంగా ఉండేది. పిల్లలకు మాత్రం గరిటె అంటే అన్నం. తరగతి మొత్తం "గరిటొచ్చింది" అని గుసగుసలాడేది. దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. బడి తెరిచిన రోజు హెడ్మాస్టరు గారు ఇంటి చదువు ఊసే ఎత్తలేదు. రెండో వరసలో గోడ పక్క చోటు చూపించి, "అది మీ అమ్మాయిది" అన్నారు. ఎనిమిదో తరగతి దాకా మా పిల్ల ఆ ఊళ్లోనే చదివింది. రాయడం నేర్చుకుంది. మాటలు కొన్ని వచ్చాయి. స్నేహితురాలు ఒకతి ఇప్పటికీ ఫోను చేసి, ఈమె మాట్లాడకపోయినా తనే మాట్లాడి పెట్టేస్తుంది.

మామ చివరి ఏడాది ఆయన కాళ్లు వణికేవి. వసారాలో నులక మంచం మీద కూర్చుని మోకాళ్లు చేతుల్తో పట్టుకునేవాడు. ఓ సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చింది. సంచి దించబోతూ ఆగింది. ఎవరి మొహమూ సరిగ్గా చూడని పిల్ల, ఆ మోకాళ్లను చాలాసేపు చూసింది. సంచిలోంచి బొంత తీసింది. దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. అక్క ముట్టుకున్నా ఊరుకునేది కాదు. తెచ్చి తాత మోకాళ్ల మీద పరిచి, టీచరమ్మ తనకు చేసినట్టే రెండు అరచేతులతో మెల్లగా అదిమింది.  వణుకు పూర్తిగా ఆగిందని చెప్పను. నెమ్మదించింది.

మామ ఆ బొంత మీద చెయ్యి వేసి, గడుల్ని తడిమి చూసుకున్నాడు. "బరువుగా ఉందమ్మా" అన్నాడు. తన చేత్తో కుట్టినదాన్ని ఆయనే ఆ మాట అనడం మొదటిసారి. మా అత్త ఎవరి నోటికీ చెయ్యి అడ్డం పెట్టలేదు. కొంగు తన కళ్లకే అడ్డం పెట్టుకుంది. "ఎంత బాగుందో" అన్నాడాయన.

ఆయన పోయాక పిల్ల ఆ బొంతను అడగడం తగ్గించింది. మేం జగ్గయ్యపేట వచ్చేటప్పుడు తనే తీసుకెళ్లి టీచరమ్మ చేతిలో పెట్టింది. ఆ తరవాత అది ఎందరి ఒళ్లు మారిందో నాకు తెలియదు. ఇప్పుడు ఒకటో తరగతిలో ఒక పిల్ల ఒళ్లో ఉందట. ఆ పిల్లకు దాన్ని కుట్టినాయన తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కానీ మీరు ఇంతదాకా చదివారు కాబట్టి ఒక్కటి అడుగుతాను. కాలం కూడా దూదేకేవాడిలాంటిదే. ఏకి ఏకి మన దుఃఖాల్నీ సంతోషాల్నీ అన్నిటినీ తేలిక చేస్తుంది. అయినా ఒకటీ అరా గింజలు దాని చేతికి దొరక్కుండా లోపలే ఉండిపోతాయి. ఎప్పుడైనా మెత్తటి దిండు మీద తల వాల్చినప్పుడు, అలా మిగిలిన గింజగా, మా మామను ఒక్కసారి గుర్తు చేసుకోండి.